మనువర్తి బియ్యం

కిందటేడు ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం మా పక్కవీధి లావణ్య మా ఇంటికి వచ్చింది. లా చదివి, విజయనగరం కోర్టులో ఒక వకీలు దగ్గర కొత్తగా చేరిన పిల్ల. హైస్కూల్లో నా దగ్గర తెలుగు చదువుకుంది కాబట్టి, మాట దగ్గర ఎక్కడ కాలు తడబడినా ఇప్పటికీ నా గుమ్మం ఎక్కుతుంది. ఆ రోజు చెప్పులు విప్పుతూనే, "టీచర్‌గారూ, మనోవర్తి అంటే మనసు కష్టపెట్టినందుకు కట్టే జరిమానా అటండీ?" అంది. మొగుడు వదిలేసిన ఒకావిడ కేసు పెట్టడానికి వచ్చి కాగితాల్లో ఆ మాట విన్నదట. మెయింటెనెన్స్ అని ఈ పిల్ల చెబితే, మరి మనసు అని ఎందుకుంది, నా మనసుకి ఎంత కట్టిస్తారు అని నిలదీసిందట. మా అత్త తవిటమ్మ ఆ సమయానికి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఆవిడ మా నాన్నకు చెల్లెలు. ఎనభై దాటాయి, చెవులు మాత్రం పాము చెవులు.

అర్థం చెప్పమంటే నాకు ఒళ్ళు తెలియదు. ఉప్పు చేబదులు అడిగినా ఆ మాట పుట్టుక చెప్పి గాని ఇవ్వనని మా స్టాఫ్‌రూంలో వెక్కిరించేవారు. లావణ్యను కూర్చోబెట్టి మొదలుపెట్టాను. అందులో మనసు లేదమ్మా, అది చదువుకున్నవాళ్ళు తొడిగిన సోకు. మన పల్లెల్లో అనేది మనువర్తి. మను అంటే బతకడం, మనుగడలో ఉన్నది అదే. వర్తి అన్నది వృత్తిలోంచి వచ్చిందో, వర్తనలోంచి వచ్చిందో పండితులు తేల్చుకోవాలి. పూర్వం కమ్మరికీ చాకలికీ కళ్ళంలో కొలిచి ఇచ్చే గింజల్ని వర్తన అనేవారు. ఎలా చూసినా బతకడానికి ఇచ్చే గింజలే. పెళ్ళికి మనం అనే మనువు కూడా ఆ మను కడుపునే పుట్టిందని నా నమ్మకం. కలిసి బతికితే మనువు, విడిచిపెట్టినా బతకాలి కాబట్టి మనువర్తి. ఇంతవరకూ బాగానే చెప్పాను. లావణ్య కూడా పుస్తకంలో రాసుకుంది.

అప్పుడు అత్త అనపగింజల చేట పక్కన పెట్టి నవ్వింది. "నాకూ వొచ్చీదమ్మా మనువర్తి. కోర్టూ నేదు, గీర్టూ నేదు. ఏటేటా నూర్పులవగానే రెండు బస్తాలు రోడ్డు మీద దింపించీవోడు. పెద్దలొకపాలి సెప్నారు, అంతే. పాతికేళ్ళు మాట తప్పనేదు. నా మనువు సచ్చిపోనేదమ్మా, ఎడంగా ఉన్నాను గానీ" అంది. లావణ్య కళ్ళు పెద్దవి చేసి, "ఎంత మంచాయన మామ్మగారూ! మా దగ్గరికొచ్చేవాళ్ళు ఆర్డరున్నా ఇవ్వట్లేదు, ఎవరూ అడక్కుండా పాతికేళ్ళా!" అంది. అత్త ముఖం కొత్త పెళ్ళికూతురి ముఖంలా అయిపోయింది. ఆ ముఖం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంచాయన ఒక్క గింజ పంపలేదని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

మాది శ్రీముఖలింగం పక్కన, వంశధార ఒడ్డున చిన్న ఊరు. అత్తకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కకపోతే, ఈవిడ పుట్టగానే మా నాయనమ్మ చేటలో పడుకోబెట్టి, పొరుగింటావిడకు ఇచ్చేసి, గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుందట. దేవుడి కళ్ళు కప్పడానికి మావైపు చేసే పని అది. అందుకని తవిటమ్మ. సాలూరులో లారీ తోలే మనిషికి ఇచ్చి చేశారు. సాలూరు లారీ అంటే అప్పట్లో మావాళ్ళకు ఉద్యోగం కింద లెక్క. ఎనిమిది నెలలు కాపురం చేసింది. ఆయన రాయపూర్ లైన్లో తిరుగుతూ తిరుగుతూ సాలూరులోనే ఇంకొకావిడతో ఇల్లు పెట్టాడు. అత్తను మా నాన్న బండి కట్టుకెళ్ళి తీసుకొచ్చాడు. పెద్దమనుషులు కూర్చుని, ఏడాదికి రెండు బస్తాల ధాన్యం మనువర్తి ఇవ్వాలనీ, ఆవిడ మారుమనువు వెళితే అది ఆగిపోతుందనీ తీర్మానం చేశారు. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. మావాళ్ళలో ఆడది మారుమనువు వెళ్ళడం తప్పు కాదు. నలుగురు చెప్పి, ఒక కోక పెట్టి, తీసుకెళ్ళేవారు. మా ఊళ్ళో అలా వెళ్ళి పిల్లాపాపలతో ఉన్నవాళ్ళు ఎందరో ఉండేవారు.

అత్త వచ్చేసరికి నాకు ఆరేళ్ళు. మా అమ్మకు ఉబ్బసం. పొద్దున పొయ్యి పొగ తగిలితే సాయంత్రం దాకా గోడకానుకుని ఊపిరి లెక్కపెట్టుకునేది. అందుచేత ఇల్లంతా అత్త చేతిలోకి వచ్చేసింది. చీకటి విడవకముందే పేడనీళ్ళు చల్లే చప్పుడు, ఆ తరువాత చోడంబలి కలిపే తెడ్డు చప్పుడు, ఆ తరువాత నా జుట్టులో ఆవిడ వేళ్ళు. మా ఇంటి వెనక గుంటలో గోగుకట్టలు నానబెట్టేవారు. అవి కుళ్ళుతుంటే వచ్చే వాసనకు ఊరి బయటివాళ్ళు ముక్కు మూసుకునేవారు గాని, అత్త ఆ నీళ్ళలో మోకాలి లోతు నిలబడి నార ఒలిచి ఇంటికొస్తే, ఆ వాసన నాకు అమ్మ వాసనలా ఉండేది. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంటే గాని నిద్ర పట్టేది కాదు. నిజం చెప్పాలంటే, కన్నతల్లి దగ్గరకన్నా నాకు ఆవిడ దగ్గరే చనువు. అమ్మకు ఆ సంగతి తెలుసు, పాపం ఏమీ అనేది కాదు.

మొదటి ఏడు నూర్పులయ్యాయి. సాలూరు నుంచి ఏమీ రాలేదు. అత్త రోజూ పొద్దున పని ముగించుకుని, పైట సర్దుకుని, ఊరి బయట రోడ్డు మీదికి వెళ్ళి కూర్చునేది. లారీ వినబడితే లేచేది, పోతే కూర్చునేది. తొమ్మిది రోజులు అలా కూర్చుంది. పిలవడానికి వెళితే, "ఉండవే, లైనులో ఉన్నాడేమో, ఈయేళ వొస్తాది" అనేది. మా నాన్న మాటలు తక్కువ మనిషి. చుట్ట నోట్లో పెట్టుకుంటే ఆ ఉన్న నాలుగు మాటలూ పొగలో పోయేవి. పదో రోజు పొద్దున నన్ను ఒక్కదాన్నే కళ్ళానికి తీసుకెళ్ళాడు. మా కుప్పలోంచి మా కుంచంతో కొలిచి రెండు బస్తాలు నింపాడు. గోగునార పురికొసతో మూతులు కుట్టాడు. బండి ఇరుసుకు రాసే కందెన ఒక చిప్పలో తెచ్చి, నా చేతికి పుల్ల ఇచ్చి, "సాలూరని రాయి" అన్నాడు. నాన్నకు వేలిముద్రే. నేనప్పుడు రెండో క్లాసు. అంత పెద్ద పలక నాకెవరూ ఇవ్వలేదు, గోనె మీద సంబరంగా రాశాను. లుకి దీర్ఘం ఇవ్వడం మరిచిపోయానని మరుసటి ఏడు గాని తెలియలేదు.

"అత్తకి సెప్పకేం" అన్నాడు నాన్న. ఎందుకని అడిగాను. "సెప్తే ఎల్లిపోద్ది" అన్నాడు. ఎక్కడికి అని నేను అడగలేదు. వెళ్ళిపోవడం అన్న మాట ఒక్కటే నా కడుపులో పడింది. నాన్న బస్తాలు బండిలో వేసుకుని రోడ్డెక్కి, ఎక్కడో చెట్టు కింద ఎడ్లను విప్పి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. లారీవాడు దింపి వెళ్ళాడు అన్నాడు. అత్త పరుగెత్తుకొచ్చి బస్తాలకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ అక్షరాల మీద వేలు తిప్పుతూ, "ఏటని రాసినాడే?" అని నన్నే అడిగింది. సాలూరని, అన్నాను. "ఐదు సదివినాడు మరి" అంది గర్వంగా. ఇంటిగుట్టు లంకకు చేటని ఏడేళ్ళకే తెలిసిపోయినదానిలా నేను నోరు మూసుకున్నాను.

ఆ ధాన్యం ఆవిడ మా గాదెలో కలపనిచ్చేది కాదు. నడవలో మూలగా ఎత్తు వేసి పెట్టుకునేది. ఊళ్ళోకి రైసు మిల్లు వచ్చాక కూడా ఆ ధాన్యాన్ని రోట్లో తనే దంచుకునేది. మొదటి దంపుడు బియ్యం సోమవారం నాడు ముఖలింగేశ్వరుడికి. తక్కినవి తనకు. మా అందరికీ పెద్ద గిన్నెలో వండి, పక్కన చిన్న గిన్నెలో తన బియ్యం వండుకునేది. అన్నదమ్ముల ఇంట్లో పడి తింటోందన్న మాట ఆవిడ ఎవరి నోటా రానివ్వలేదు, తన మనసులోనూ పడనివ్వలేదు. "నా ఇంటాయన గింజలు తింతన్నాను" అనేది, నీళ్ళకు వెళ్ళినప్పుడు నలుగురిలో. నాకు ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టి, "సూడే, సాలూరు బియ్యం రుసే ఏరు. మన బియ్యం ఇంత తియ్యగుంతాదేటి?" అనేది. ఒకే మడిలో పండి, ఒకే కళ్ళంలో రాలిన గింజలు. అవునత్తా, తియ్యగా ఉంది అనేదాన్ని. అబద్ధం కూడా కాదు, ఆవిడ చేత్తో పెడితే నిజంగానే తియ్యగా ఉండేది.

మనువర్తి అన్న మాట అత్తకు మనువు అన్న మాటలోనే వినబడేది. అది వస్తున్నంతకాలం ఇది ఉన్నట్టే. నలుగురిలో ఇచ్చిన మాట కోసం పంపడం వేరు, మనిషి గుర్తుండి పంపడం వేరు అని చెప్పేవాళ్ళు లేరు. మాటగా చూస్తే ఆవిడదేమీ తప్పు కాదు, రెండూ ఒక తల్లి బిడ్డలేనని లావణ్యకు నేనే చెప్పాను కదా. బతుకుగా చూస్తే మాత్రం ఆ తప్పు మీదే ఆవిడ ఇల్లు కట్టుకుంది. ఏటేటా ఆ ఇంటికి గోడ ఎత్తింది మా నాన్నా, నేనూ.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఇదే. అప్పటికి నా దస్తూరి బాగుందని బళ్ళో పంతులుగారు మెచ్చుకునేవారు. ఆ మెప్పు నెత్తికెక్కి ఉంది. ఆ ఏడు కళ్ళంలో నాన్న మామూలుగా కందెన చిప్ప ఇచ్చి, ఎడ్లను చూడ్డానికి అటు వెళ్ళాడు. సాలూరని రాశాక గోనె మీద ఇంకా చోటుంది, చిప్పలో కందెనా ఉంది. అత్త ప్రతి ఏడూ ఏమని రాశాడే అని అడిగి, సాలూరు అని వినగానే ఒక్క క్షణం ఇంకేదో ఉంటుందేమోనని ఆగేది. నాకది గుర్తొచ్చింది. కింద "తవిటమ్మకు" అని గుండ్రంగా రాసేశాను. నాన్న వచ్చి చూశాడు గాని, ఆయనకు అక్షరాలన్నీ ఒకటే. ఆ రోజు అత్త మామూలుగానే అడిగింది. నేను చదివాను. రెండోసారి చదవమంది. చదివాను. ఆవిడ గోనెను రెండు చేతులా కావిలించుకుని ఏడ్చింది. నేను మంచి పని చేశాననుకున్నాను.

నెల తిరక్కుండా లచ్చుంనాయుడు వచ్చాడు. మాకు దూరపు చుట్టం, నెల్లిమర్ల నారమిల్లులో పని. పెళ్ళాం పోయి రెండేళ్ళు, ఒక కూతురు. ఊరి పెద్దలతో ముందే మాట్లాడుకుని వచ్చాడు. మంచి మనిషి అని చూడగానే తెలిసే మనుషులు కొందరుంటారు. నడవలో పీట వేస్తే దాని మీద కూర్చోకుండా కిందే కూర్చున్నాడు. నాన్న ఎదురుగా, అమ్మ తలుపు వెనక, నేను అత్త కొంగు పట్టుకుని. ఆయన పెద్దల చేత చెప్పించకుండా అత్తనే చూసి మాట్లాడాడు. "తవిటమ్మా, నాకు ఏటీ ఒద్దు. పిల్లకి జడేసీవోలు నేరు. పక్కింటోలు ఏస్తే సాయంత్రానికి ఊడిపోతంది. నువ్వొస్తే నిన్ను నా కంటి మీద ఎట్టుకుంతాను. నీకు ఇష్టమైతేనే సుమీ" అన్నాడు.

అత్త ఒక అడుగు ముందుకు వేసింది. ఆవిడ కొంగు నా గుప్పిట్లో ఉంది కాబట్టి అది బిగుసుకోవడం నాకు తెలిసింది. నాకు పదేళ్ళు, ఏమీ తెలియదని ఈనాడు నన్ను నేను ఓదార్చుకోలేను. ఆవిడకు వెళ్ళాలని ఉందని నాకు తెలిసింది. చివరికి మూలనున్న బస్తా చూపించి, "ఆయన ఒగ్గీనేదు బావా. మనువర్తి వొస్తన్నాది. ఈయేడు నా పేరెట్టి పంపినాడు. పేరెట్టి పంపినాక నానెలాగొస్తాను?" అంది. లచ్చుంనాయుడు లేచి బస్తా దగ్గరికెళ్ళి చూశాడు. అతనికి కొంచెం చదువు వచ్చు. గుండ్రటి అక్షరాలవంక చూసి, నా వంక చూసి, నాన్న వంక చూశాడు. నాన్న నేల చూస్తూ కూర్చున్నాడు. చుట్ట ఆరిపోయింది, వెలిగించుకోలేదు. ఒక్క మాట, "అది మన ధాన్యమేనే చెల్లీ" అన్న ఒక్క మాట చాలు. నాన్న నోటి నుంచి రాలేదు. నేను చెప్పినా చాలు. చెబితే వెళ్ళిపోతుంది. నేను కొంగు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. లచ్చుంనాయుడు మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని తరువాత విన్నాం. ఆ కూతురికి జడ ఎవరు వేశారో తెలియదు.

నాన్న ఎందుకు చెప్పలేదో నేను పెద్దయ్యాక చాలా ఆలోచించాను. మొదటి ఏడు రోడ్డు మీద కూర్చున్న చెల్లెల్ని చూడలేక చేశాడు, అందులో అనుమానం లేదు. ఆ ప్రేమ నిజం. తరువాత బయటపడితే పరువు పోతుందని జంకి ఉంటాడు. కానీ ఆ రోజు, లచ్చుంనాయుడు ఎదురుగా కూర్చున్న రోజు, ఆయన లోపల ఏముందో నాకు కొంత తెలుసు. అమ్మ మంచం మీద ఉంది. ఇల్లు అత్త చేతుల మీద నడుస్తోంది. ఆవిడ వెళ్ళిపోతే మా పొయ్యి వెలగదు. మా నాన్న దేవుడిలాంటి మనిషని ఊరంతా అంటుంది, నేనూ అంటాను. కంచే చేను మేసిందని కూడా నేనే అనాలి. ఆ చేలో నేనూ మేశాను.

నేను టీచర్ ట్రైనింగుకి వెళ్ళాక కూడా నూర్పుల వేళకు ఎవరిచేతో ఒక కార్డు రాయించేవాడు నాన్న, బేగి రా, పనుంది అని. ఆ పనేమిటో మా ఇద్దరికే తెలుసు. చదువుకున్నాను, పిల్లలకు నీతులు చెబుతున్నాను, అయినా ఏటేటా వెళ్ళి కందెనతో రాసి వచ్చాను. పేరుతో సహా రాసేదాన్ని. మానేస్తే అత్త అడుగుతుంది కదా, ఈయేడు నా పేరేదే అని. పాలకొండ బస్సులో ఆవిడను విజయనగరం తీసుకొచ్చినప్పుడల్లా నెల్లిమర్ల దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి చూసేది. మిల్లు గోడ దాటిపోయేదాకా చూసి, పైట సర్దుకుని, వేరే ఏదో మాట్లాడేది.

నాన్న పోయిన ఏడు బస్తాలు రాలేదు. ఎవరు తెస్తారు? అత్త ఎదురుచూసింది. ఆ వయసులో రోడ్డు మీద కూర్చోవడానికి సిగ్గుపడి, గుమ్మంలోనే చూసింది. నెల దాటాక నన్ను పిలిచి, "ఆయన పోయినాడే పారతీ. ఉంటే పంపకుండా ఉండడు" అంది. నూతి దగ్గరికి వెళ్ళి తల మీద నీళ్ళు పోసుకుని, బొట్టు తీసేసి, గాజులు తనే పగలగొట్టుకుంది. సాలూరులో ఆ మనిషి అప్పటికి మనవల్ని ఆడించుకుంటూ ఉన్నాడని నాకు తెలుసు. బతికున్నాడని చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. ఆ పగిలిన గాజులు చీపురుతో ఎత్తాను గాని నోరు తెరవలేదు. అన్న పోయిన దుఃఖం, మొగుడు పోయాడనుకున్న దుఃఖం ఆవిడ ఒకే ఏడు మోసింది. ఆ తరువాత నా దగ్గరికి తెచ్చుకున్నాను.

లావణ్య కక్షిదారుకు ఇప్పుడు కోర్టు ఉత్తరువు వస్తే, నెలనెలా డబ్బు బ్యాంకులో పడుతుంది, ఫోను టింగుమంటుంది. పడకపోతే మోగదు. పడలేదని ఆ మనిషికి ఆ రోజే తెలుస్తుంది. తిడుతుంది, ఏడుస్తుంది, మళ్ళీ వకీలు దగ్గరికి వెళుతుంది, లేకపోతే వాణ్ణి మనసులోంచి తుడిచేసి తన దారి చూసుకుంటుంది. ఆ రోజుల్లో ఇంత ఎరుక లేదు, ప్రేమలు మాత్రం ఎక్కువ అని మనం నిట్టూరుస్తాం. రాలేదు అని తెలియడం కూడా ఆడదానికి ఒక ఆధారమే. మా అత్తకు మేం అన్నీ పెట్టాం, అదొక్కటి పెట్టలేదు.

ఇక ఆ మధ్యాహ్నం. లావణ్య వెళ్ళిపోయింది. అత్త ఇంకా ఆ సంబరంలోనే ఉంది. "సూసినావా, ఈ కాలం పిల్ల కూడా ఆయన్ని మెచ్చుకుంతన్నాది" అంది. ఒకసారి అని ఊరుకున్నా బాగుండేది, మూడుసార్లు అంది. నోరా వీపుకు తేకే అంటారు, నా నోరు ఎప్పుడూ నా మాట వినలేదు. చేసిన పాపం చెబితే పోతుందన్నది కూడా ఎక్కడో మనసులో ఉండే ఉంటుంది. "ఆయన్ని మెచ్చుకోకత్తా. ఒక్క గింజ పంపలేదు. అవి మన కళ్ళంలో గింజలు. నాన్న కొలిచాడు, నేను రాశాను" అన్నాను. చేట మళ్ళీ ఆవిడ ఒళ్ళోనే ఉంది. చేతులు మాత్రం ఆగిపోయాయి.

"ఒక్క యేడైనా?" అంది.

"లేదత్తా."

"మరి నా పేరు?"

"నేనే."

ఒక అనపకాయ తీసి, ఒలిచి, గింజలు చేటలో వేసింది. ఇంకొకటి తీసింది. ఒలవలేదు. "లచ్చుంనాయుడు బావకి పేరెట్టినాడని సెప్పినాను" అంది. ఆ మాట నాతో అనలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. క్షమించమని ఏదో అన్నాను, ఏడ్చాను కూడా. ఆవిడ ఏడవలేదు. నా తల నిమిరింది. "నువ్వేటి సేస్తావే, సిన్న గుంటవి. నానెల్లిపోతానని బయపడినావు" అంది. నా గుండె తేలికపడింది. నిజంగా ఆ క్షణాన, యాభై ఏళ్ళ బరువు దిగిపోయిందని అనుకున్నాను. అప్పుడు ఆవిడ గోడ మీద నాన్న ఫొటో వంక చూసింది.

"మా అన్న పెద్దోడు గదే" అంది.

అంతకుముందు ఆవిడ నోట మా అన్న అన్న మాట రోజుకు పదిసార్లు వినబడేది. మా అన్నకి బీరకాయంటే పేనం, మా అన్న ఇలాగ తుండుగుడ్డ కట్టీవోడు, మా అన్న ఉంటే ఈ కరెంటోడి పని పట్టీవోడు. ఆ రోజు తరువాత ఒక్కసారి కూడా వినలేదు. భాద్రపదంలో పెద్దల దినాలు వచ్చాయి. ఏటా నాన్నకని తెల్లవారే లేచి మడి కట్టుకుని బూరెలు వండేది. ఎనభై దాటినా నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ ఏడు లేవలేదు. ఒంట్లో బాగులేదా అని అడిగితే, "బాగానే ఉన్నాది" అని గోడవైపు తిరిగి పడుకుంది. నేనే వండాను, నేనే విస్తరి వేశాను. మొగుణ్ణి ఆవిడ అరవై ఏళ్ళ కిందటే పోగొట్టుకుంది, ఆ సంగతి ఆవిడకు తెలియదు, అంతే. అన్న మాత్రం ఆ మధ్యాహ్నం దాకా ఉన్నాడు. పాపం చెబితే పోయిందో లేదో గాని, నా బరువు తీరడానికి ఆవిడ అన్నను నేను చంపేశాను.

చలికాలంలో జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఆస్పత్రిలో చేర్చాను. రెండో రోజు వార్డులో డ్యూటీకి వచ్చిన నర్సమ్మాయి కాగితాలు నింపుతూ మంచం దగ్గర నిలబడింది. చిన్నపిల్ల, మాట మెత్తన. "మామ్మా, నీ సొంతోళ్ళు ఎవరు? పేరు రాసుకోవాలి" అని వంగి అడిగింది.

అత్త కళ్ళు తెరిచే ఉన్నాయి. తెలివిలోనే ఉంది. నేను మందుల కవరు పట్టుకుని మంచం పక్కనే నిలబడి ఉన్నాను. ఒకసారి నా వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో, అది ఉన్నా బాగుండేది.

"ఎవులూ నేరమ్మా" అంది.

నర్సమ్మాయి తల తిప్పి నా వంక చూసింది. "మరి మీరేమవుతారండీ?" అంది.

మేనకోడలినని చెప్పడానికి నోరు రాలేదు. తోడొచ్చానమ్మా అన్నాను. ఆ పిల్ల అలాగే రాసుకుంది.